సెకండ్ హ్యాండ్ టర్బో బండి: నేను చెప్పిన ఒక తప్పు మాట



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు ఒక ప్రశ్న పెట్టిండు. "అన్నా, సెకండ్ హ్యాండ్‌ల చిన్న టర్బో పెట్రోల్ బండి వస్తుంది, ఊళ్ల కిరాయిలకు తిప్పుదామనుకుంటున్న, తీసుకోవచ్చా?" అని. కింద ఇరవై ముప్పై జవాబులు వచ్చినయ్. "పికప్ మస్తుంటది తీస్కో", "టర్బో అంటేనే ఖర్చు, వద్దు", ఇట్ల. నేను గ్యారేజీల పని చేస్తానని తెలిసిన ఇద్దరు ముగ్గురు నన్ను ట్యాగ్ కూడా చేసిండ్రు. నేను రెండు లైన్లు రాసి తుడిపేసిన. మళ్లీ రాసి మళ్లీ తుడిపేసిన. ఎందుకంటే ఇదే ప్రశ్న రెండేండ్ల కింద మా సొంత అన్న నన్ను అడిగిండు. నేను "మంచిదే" అని చెప్పిన. ఆ ఒక్క మాట మా ఇంటికి ఎంత పడ్డదో చెప్పకుండా ఇప్పుడు ఇంకొకరికి సలహా ఇయ్యడం నాకు న్యాయం అనిపించలేదు. అందుకే లాంగ్ పోస్ట్ పెడుతున్న. ఓపిక చేసుకొని చదవండి.

మాది ఉట్నూరు ఏజెన్సీ. ఆటోమొబైల్ డిప్లొమా చేసి హైదరాబాద్ వచ్చిన. పెద్ద షోరూంలల్ల ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి, ఆఖరుకు పాతబస్తీల బహదూర్‌పురా దాటినంక ఒక చిన్న గ్యారేజీల కుదురుకున్న. ఆ గ్యారేజీకి బోర్డు కూడ సక్కగ లేదు. కానీ మా ఉస్తాద్ చెయ్యి గురించి కిషన్‌బాగ్ నుంచి చాంద్రాయణగుట్ట దాక తెలుసు. అరవై దాటిన మనిషి. చదువు ఐదో క్లాసు. నాకేమో డిప్లొమా ఉంది. మొదట్ల ఆ గర్వం నాకు కొంచెం ఉండేది, అబద్ధం ఎందుకు.

ఉస్తాద్‌కు ఒక అలవాటు ఉంది. ఎవరైనా కొనే బండిని చూపించడానికి తీసుకొస్తే వెంటనే చూడరు. "ఠండా హోనే దో" అంటరు. చాయ్ తాగుతరు, నమాజుకు పోయి వస్తరు, ఇంకో బండి పని చేస్తరు. ఇంజన్ పూర్తిగ సల్లగ అయినంకనే బానెట్ ఎత్తుతరు. మొదట ఆయిల్ గేజు గుంజుతరు, తెల్లటి గుడ్డ మీద తుడిచి ఎండల పెట్టి చూస్తరు, వాసన చూస్తరు. తర్వాత ఆయిల్ పోసే మూత తీసి దాని లోపలి భాగం చూస్తరు. తర్వాతనే సెల్ఫ్ కొట్టమంటరు. అప్పట్ల నాకు అది ముసలోళ్ల చాదస్తం లెక్క కనిపించేది. స్కానర్ పెడితే రెండు నిమిషాలల్ల అన్నీ కనిపిస్తయ్ గదా అనుకునేటోణ్ని.

ఎండకాలంల మా అన్న హైదరాబాద్ వచ్చిండు. అంగడి కిరాయిలు, దవాఖాన కిరాయిలు కొట్టుకుందామని బండి కొనాలని. మా దిక్కు ఒక మనిషికి రాత్రి నొప్పులు లేస్తే ఆదిలాబాద్ రిమ్స్‌కు పోవాలె. అట్లాంటప్పుడు ఊళ్లె ఒక బండి ఉంటే ఎంత ఆసరానో మీకు చెప్పాల్సిన పని లేదు. అన్న ఎడ్ల జత అమ్మిండు, పత్తి పైసలు కలిపిండు, మిగిలింది ఫైనాన్స్. మొత్తం 5 లక్షల 40 వేల బండి. చిన్న ఎస్‌యూవీ, 1 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజన్, మీటర్ మీద 62 వేల కిలోమీటర్లు. కంపెనీ పేరు, అమ్మినోని పేరు రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే అర్థమైతది.

మేము పొయ్యేసరికి బండి స్టార్ట్ చేసి ఉంచిండ్రు. బానెట్ మీద చెయ్యి పెడితే కాలుతుంది. నేను ఆ సంగతి గమనించిన, కానీ పట్టించుకోలేదు. స్కానర్ పెట్టిన, ఒక్క కోడ్ కూడ లేదు. తోలి చూసిన. ఖాళీ రోడ్డు దొరకంగనే యాక్సిలరేటర్ తొక్కితే ఎనుకకు సీట్లకు ఒత్తుకున్నం. అన్న మొఖం ఎలిగిపోయింది. "తమ్మీ, ఎట్లుంది?" అని అడిగిండు. నలుగురు ముందు మా అన్న నన్ను అట్ల అడగడం అదే మొదటిసారి. ఇంట్ల నేను చిన్నోణ్ని, నన్ను ఎవ్వరూ ఏదీ అడగరు. "మంచిదే అన్నా, ఇంజన్ సక్కగుంది" అన్న. గేజు గుంజలేదు. ఉస్తాద్ దగ్గరికి తీసుకపోదామంటే అమ్మెటోడు "ఇంకొక పార్టీ సాయంత్రం వస్తుంది" అన్నడు. నాకు కూడ నా మాట మీద ఇంకొకరి మాట అవసరం లేదనిపించింది. అక్కడ పడ్డది తప్పు.

ఇప్పుడు కథ కొంచెం ఆపి, ఈ టర్బో అంటే ఏందో చెప్తా. తెలియకుండా "మంచిది, చెడ్డది" అంటే లాభం లేదు.

మన దిక్కు కొలిమి చూసినోళ్లకు ఇది తొందరగ అర్థమైతది. బొగ్గులు అవే ఉంటయ్, కానీ తిత్తి కొడితే గాలి ఎక్కువ పోయి మంట రెట్టింపు అయితది. ఇంజన్ కూడ అంతే. పెట్రోల్ ఎక్కువ కాలాలంటే గాలి ఎక్కువ కావాలె. మామూలు ఇంజన్ పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎంత గాలి గుంజుకుంటే అంతే. టర్బో ఉన్న ఇంజన్‌కు తిత్తి ఉన్నట్టు. ఆ తిత్తిని తిప్పేది ఏంది? సైలెన్సర్ దిక్కు వృథాగ పొయ్యే వేడి పొగనే. ఆ పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతది, అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న ఇంకో చక్రం గాలిని ఒత్తి ఇంజన్‌లకు పంపుతది. మధ్యల ఇంటర్‌కూలర్ అని ఒక జాలి ఉంటది, వేడెక్కిన గాలిని సల్లబరిచేటందుకు. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905ల దీనికి పేటెంట్ తీసుకున్నడు. అంటే ఇది కొత్త ముచ్చట కాదు, నూట ఇరవై ఏండ్ల పాత ఆలోచన. డీజిల్ లారీలల్ల ఎప్పటి నుంచో ఉంది.

మరి చిన్న పెట్రోల్ కార్లకు ఇప్పుడెందుకు వచ్చింది? మన దేశంల అయితే ముఖ్యంగ పన్ను లెక్క. 2006 బడ్జెట్ నుంచి 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉంటే చిన్న కారు కింద తక్కువ పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి వచ్చిన కొత్త జీఎస్టీల కూడ అదే గీత: ఆ లోపల ఉంటే 18 శాతం, దాటితే 40. బండేమో ఎస్‌యూవీ లెక్క కనపడాలె, బరువు మొయ్యాలె, ఇంజన్ మాత్రం 1200 దాటొద్దు. దారి ఒక్కటే, టర్బో. 998 సీసీ ఉన్న మామూలు వ్యాగన్ఆర్ ఇంజన్ దాదాపు 67 హార్స్‌పవర్ ఇస్తది. అంతే సీసీ ఉన్న ఫ్రాంక్స్ టర్బో 100, వెన్యూ టర్బో 120 ఇస్తయ్. ఎద్దు అదే సైజు, మోసేది మాత్రం దాదాపు రెండింతలు. అది మొయ్యలేదని కాదు, మోస్తది. కానీ దాని దాణా, నీళ్లు, విశ్రాంతి లెక్క వేరే ఉంటది. చాలామందికి ఆ లెక్క ఎవ్వరూ చెప్పరు.

ఆ లెక్కల మొదటిది ఆయిల్. ఇంట్ల మిక్సీ నిమిషానికి సుమారు 20 వేల చుట్లు తిరుగుతది. చిన్న కారు టర్బో ఫుల్ లోడ్ మీద 2 లక్షల చుట్లు కూడ దాటుతది. పొగ దిక్కున వేడి 900 డిగ్రీలు మించుతది. అంత వేగంల తిరిగే ఇరుసు బేరింగులల్ల పలుచటి ఆయిల్ పొర మీద తేలుతుంటది. ఆ పొర ఉన్నంత సేపు ఇరుసుకు, ఇనుముకు తాకుడు లేదు. పొర పోయిందా, నిమిషాలల్ల అరుగుడు మొదలు. పాత ఆయిల్, తక్కువ రకం ఆయిల్, లెవల్ తగ్గిన ఆయిల్, ఇవన్నీ మామూలు ఇంజన్ కొన్నాళ్లు ఓర్చుకుంటది. టర్బో ఓర్చుకోదు. ఆయిల్ ఆ వేడికి మాడి నల్లటి బొగ్గు లెక్క గట్టిపడి, టర్బోకు ఆయిల్ తెచ్చే సన్న పైపును మూసేస్తది. మన ఇంట్ల నూనె గిన్నె అడుగున మాడిన పొర గోకితే ఎట్లుంటదో అట్లనే.

రెండోది వేడి, ఆపే తీరు. ఘాటు ఎక్కి, లేకుంటే హైవే మీద స్పీడుగ వచ్చి, ఆగంగనే చాబీ తిప్పితే ఆయిల్ పంపు ఆగిపోతది. టర్బో మాత్రం ఇంకా నిప్పు లెక్క ఉంటది. లోపల ఆగిన ఆయిల్ అక్కడ్నే మాడుతది. ఇప్పటి చాలా బండ్లల్ల ఇంజన్ ఆపినంక కూడ కూలెంట్ తిరిగేటట్టు ఎలక్ట్రిక్ పంపు పెడుతున్నరు. అయినా ఆఖరు ఒకటి రెండు కిలోమీటర్లు నిదానంగ తోలి, నిమిషం ఐడిల్‌ల ఉంచి ఆపడం ఖర్చు లేని మందు. పొద్దున స్టార్ట్ చేయంగనే రేజ్ కొట్టుడు కూడ ఇట్లాంటి తప్పే. ఆయిల్ ఇంకా పైకి ఎక్కి ఉండదు.

మూడోది నీళ్లు, అంటే కూలెంట్. చిన్న ఇంజన్‌ల ఎక్కువ మంట కాబట్టి రేడియేటర్, గొట్టాలు, వాటర్ పంపు, థర్మోస్టాట్ మీద ఒత్తిడి ఎక్కువ. సన్న లీకేజీ కూడ చిన్నది కాదు. లీకు ఉందని బోరు నీళ్లు పోసుకుంట తిరిగితే లోపల తుప్పు పడతది, వేడెక్కి హెడ్ వంగుతది. మే నెలల షాలిబండ కాడ ట్రాఫిక్‌ల నలభై నిమిషాలు ఏసీ పెట్టుకొని నిలబడ్డ బండి ఎంత బాధ పడుతదో మేము గ్యారేజీల రోజూ చూస్తుంటం.

నాలుగోది మసి. ఈ టర్బోలల్ల రెండు రకాలు ఉన్నయ్. కొన్నిట్ల పెట్రోల్ నేరుగ సిలిండర్ లోపలికే చిమ్ముతది, దాన్ని డైరెక్ట్ ఇంజెక్షన్ అంటరు. వెన్యూ టర్బో, ఫోక్స్‌వ్యాగన్ టీఎస్ఐ, ఫ్రాంక్స్ టర్బో ఈ రకం. మాగ్నైట్ టర్బో, నెక్సాన్ మొదటి టర్బో వంటివి పాత పద్ధతిల, వాల్వు ముందల పెట్రోల్ కొడతయ్. పాత పద్ధతిల పెట్రోల్ వాల్వుల ఎనుక భాగాన్ని కడుగుకుంట పోతది. డైరెక్ట్ రకంల ఆ కడుగుడు లేదు. లోపలికెళ్లి వచ్చే ఆయిల్ ఆవిరి వాల్వుల మీద గట్టిపడి, కొన్నేండ్లకు ఐడిల్ ఊగుడు, పికప్ తగ్గుడు వస్తయ్. అప్పుడు ఇన్‌టేక్ విప్పి వాల్వులు క్లీన్ చేయాల్సి వస్తది. మైలేజీ, పికప్ బాగుండడానికి కట్టే సుంకం అనుకోండి.

ఐదోది తక్కువ స్పీడ్‌ల తొక్కుడు. ఐదో గేర్‌ల 40 స్పీడ్‌ల ఉండి, గేర్ దించకుండ యాక్సిలరేటర్ అడుగంట తొక్కితే, ప్లగ్గు నిప్పు కొట్టక ముందే లోపల మిశ్రమం అంటుకునే ప్రమాదం టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లల్ల ఉంది. సుత్తి దెబ్బ లెక్క పిస్టన్ మీద పడతది, రింగులు, పిస్టన్ గట్లు విరిగిన సందర్భాలు ప్రపంచమంతా ఉన్నయ్. దీనికోసమే 2018ల ఏపీఐ ఎస్ఎన్ ప్లస్ అని, 2020ల ఎస్‌పీ అని కొత్త ఆయిల్ ప్రమాణాలు వచ్చినయ్. ఆయిల్ డబ్బా మీద ఆ అక్షరాలు ఊరికే రాయలేదు. "అన్నీ ఆయిలే గదా" అనే మాట టర్బో బండికి పనికిరాదు.

ఆరోది బెల్టులు, చైన్లు. కొన్ని ఇంజన్లల్ల బెల్టు ఆయిల్‌లనే తిరుగుతది. ఆయిల్ పాతబడితే, లేకుంటే తప్పు ఆయిల్ పోస్తే ఆ రబ్బరు ముక్కలు ఊడి ఆయిల్ జల్లెడను మూసేస్తయ్. ఫోర్డ్ 1 లీటర్ ఎకోబూస్ట్ 2012, 2013, 2014 మూడేండ్లు వరుసగ అంతర్జాతీయ ఉత్తమ ఇంజన్ బహుమతి కొట్టింది. అదే ఇంజన్‌కు 2023 డిసెంబర్‌ల అమెరికాల సుమారు 1 లక్షా 40 వేల బండ్లను వాపసు పిలిచిండ్రు, ఆయిల్ పంపును తిప్పే బెల్టు టెన్షనర్ దెబ్బతిని ఆయిల్ ప్రెషర్ పోతుందని. ఫోక్స్‌వ్యాగన్ పాత 1.2 టీఎస్ఐల టైమింగ్ చైన్ సాగుడు పేరు పడ్డది, తర్వాతి తరంల వాళ్లు బెల్టుకు మారిండ్రు. బహుమతి వచ్చిన ఇంజన్‌కు కూడ జబ్బు ఉండొచ్చు. ఏ బండి కొంటున్నరో దాని జబ్బు ఏందో ముందు తెలుసుకోవాలె.

ఇవి కాక చిన్న చిన్నవి: ఇంటర్‌కూలర్ గొట్టం పగిలి గాలి లీకై పికప్ పోవుడు, ఇగ్నిషన్ కాయిల్ పోయి బండి జర్కులు కొట్టుడు, ప్లగ్గులు టైముకు మార్చక మిస్ ఫైర్, వేస్ట్‌గేట్ వదులై గిలగిల శబ్దం. ఇవి వచ్చినయని టర్బో పోయింది, మార్చాలె అని లక్ష రూపాయల లిస్టు రాసిచ్చేటోళ్లు ఉన్నరు. మా గ్యారేజీకి ఒకసారి అట్లనే వచ్చిన బండికి ఉస్తాద్ ఒక గొట్టం, రెండు క్లిప్పులు మార్చి పంపిండ్రు.

పాతబస్తీల ఇంకో సంగతి ఉంది, సెకండ్ హ్యాండ్ కొనేటోళ్లు తప్పకుండ తెలుసుకోవాలె. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటది. ఫలక్‌నుమా దిక్కు అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ నీట మునిగినయ్. కార్లు ఇంటి ముందలనే మునిగినయ్. అట్ల మునిగిన బండ్లు ఒక్క పాతబస్తీల అనే కాదు, ఏ ఊర్లె వరద వచ్చినా కడిగి, సీటు కవర్లు మార్చి, వేరే జిల్లాలకు అమ్ముతరు. చాలా టర్బో బండ్లల్ల ఇంటర్‌కూలర్ ముందు బంపర్ ఎనుక ఉంటది, గొట్టాలు కిందికి దిగి ఉంటయ్. ఆ దారిల నీళ్లు ఇంజన్‌లకు పోతే పిస్టన్ నీళ్లను ఒత్తలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతది. వంగిన రాడ్‌తోని బండి కొన్ని నెలలు నడుస్తది కూడ. కొన్నోని చేతిలనే విరుగుతది. కార్పెట్ ఎత్తి కింద మట్టి చూడుడు, సీటు బెల్టు పూర్తిగ గుంజి చివర మరక చూడుడు, ఫ్యూజ్ బాక్స్‌ల తుప్పు చూడుడు ఇందుకే.

సరే, మా అన్న బండి సంగతికి వస్త.

మొదటి ఆరు నెలలు మస్తు నడిచింది. జైనూరు అంగడి, ఇంద్రవెల్లి అంగడి, రిమ్స్ కిరాయిలు. ఇద్దరు బాలింతలను ఆ బండిలనే ఇంటికి తీసుకొచ్చిండు, ఒకామె దగ్గర పైసలు కూడ తీసుకోలేదు. ఊళ్లె అందరు "మీ తమ్ముడు చూసి ఇప్పిచ్చిన బండేనా" అని అడుగుతుంటే అన్న ఫోన్‌ల నాకు సంబరంగ చెప్పేటోడు.

చలికాలం మొదలైనంక ఒకరోజు ఫోన్ చేసిండు. "తమ్మీ, పొద్దుగాల స్టార్ట్ చేస్తే నీలం పొగ వస్తుందిరా" అని. నేను అప్పుడు ఒక బండి కింద పడుకొని ఉన్న. "చలికి ఆవిరి వస్తది అన్నా, ఏం కాదు" అన్న. ఆవిరి తెల్లగుంటది, నీలం అంటే ఆయిల్ కాలుతున్నట్టు. ఇది మొదటి సెమిస్టర్ పిల్లగానికి కూడ తెలుసు, నాకు కూడ తెలుసు. కానీ నేను "మంచిదే" అని చెప్పిన బండికి నీలం పొగ వస్తుందని నా మనసు ఒప్పుకోలేదు. గేజు గుంజి ఆయిల్ చూడమని చెప్పడానికి పది సెకండ్లు పట్టేది. చెప్పలేదు. మొదటి తప్పు తెలియక చేసింది కాదు, గర్వంతో చేసింది. రెండోది ఆ మొదటిదాన్ని దాచుకోవడానికి చేసింది.

ఇరవై రోజులకు కెరమెరి ఘాటు ఎక్కుతుంటే పికప్ పోయింది, ఎనుక నుంచి పొగ మబ్బు. అన్నకు ఏం తెలుసు, ఎట్లనన్న పైకి ఎక్కిద్దామని తొక్కిండు. ఆయిల్ లైట్ ఎలిగింది. లోపల సుత్తితోని కొట్టినట్టు శబ్దం వచ్చి ఆగిపోయింది. అదృష్టం, ఆ రోజు బండిల పేషంట్ లేరు. అంగడికి పొయ్యే నలుగురు ఉన్నరు. వాళ్లు నడుచుకుంట పోయిండ్రు. అన్న రాత్రి దాక బండి కాడనే కూసున్నడు.

బండిని లారీ మీద ఎక్కించి పాతబస్తీకి తెప్పించినం. ఉస్తాద్ విప్పిండ్రు. ఆయిల్ చాంబర్‌ల లీటర్ కంటే తక్కువ ఉంది, అది కూడ తారు లెక్క. టర్బో ఇరుసు పట్టి ఊపితే ఇటు అటు కొట్టుకుంటుంది. ఆయిల్ పైపు సగం మూసుకపోయింది. క్రాంక్ బేరింగులు ఒలిచిన పొట్టు లెక్క అయినయ్. వాల్వు కవర్ కింద పేరుకున్న గడ్డ చూసి ఉస్తాద్, ఈ బండి ఆయిల్ మొదటి నుంచీ టైముకు మారలేదన్నరు. అమ్మే ముందు చిక్కటి ఆయిల్ పోసి, ఇంజన్ వేడి చేసి పెట్టి పొగను కప్పిండ్రు. సల్లటి ఇంజన్ మీద గేజు గుంజి, మూత తీసి చూసి ఉంటే ఆ నల్లటి గడ్డ ఆ రోజే కనిపించేది.

ఉస్తాద్ చేతులు తుడుచుకుంట నన్ను ఒక్కటే అడిగిండ్రు. "గేజ్ నికాల్‌కే దేఖే థే క్యా?" నేను తల వంచుకున్న. ఇంక ఏమీ అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం అల్కగ ఉండేది. ఆ పక్కనే మా అన్న కూసొని ఉన్నడు. ఉర్దూ పూర్తిగ రాకున్నా, ఆ ప్రశ్న అర్థమైంది ఆయనకు.

మొత్తం ఖర్చు, ఉస్తాద్ తన మజూరీ సగం వదులుకున్నా, 1 లక్షా 35 వేలు అయింది. రెండు నెలలు బండి లేదు, ఫైనాన్స్ వాయిదాలు మాత్రం ఆగలేదు. అన్న ఆ రెండు నెలలు ఇంకొకని బొలెరోకు డ్రైవర్‌గ పోయిండు. నేను జీతంల నుంచి ఇప్పటికి కూడ వాయిదాల సగం కడుతున్న. పైసల సంగతి ఎట్లనో తీరుతది. కానీ ఆ రాత్రి ఇరానీ హోటల్‌ల చాయ్ తాగుకుంట అన్న అన్న మాట నాకు ఇంక గుర్తుంది. "నువ్వు తెల్వదు అని చెప్పినా నేను వేరే ఎవర్నన్న అడుగుతుంటిగదరా" అన్నడు. కోపంగ కాదు, మామూలుగనే అన్నడు.

మన దగ్గర ఒక ఇంటి నుంచి ఒక్కడు చదువుకొని బయటకు వస్తే, ఊరంతా అన్నీ వానికే తెలుసనుకుంటది. బ్యాంకు కాగితం, దవాఖాన రిపోర్టు, భూమి పట్టా, బండి ఇంజన్, అన్నీ మనకే చూపిస్తరు. ఆ నమ్మకం చూసి మనకు కూడ ఛాతి ఉబ్బుతది. "తెల్వదు" అనడానికి సిగ్గైతది. నాకు అనుభవమైంది ఏందంటే, ఆ సిగ్గు ఖర్చు మనం కట్టం, మనల్ని నమ్మినోళ్లు కడతరు. ఈ ముచ్చట బండ్లకే కాదని మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

మరి టర్బో ఇంజన్లు నమ్మదగినవా కాదా? మా గ్యారేజీకి వచ్చే చిన్న టర్బో బండి ఒకటి ఉంది, 1 లక్షా 30 వేల కిలోమీటర్లు దాటింది, ఇంకా అదే టర్బో. దాని ఓనర్ 7-8 వేలకు ఒకసారి కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్ మారుస్తడు, తారీకులు డైరీల రాస్తడు. మా అన్న బండి 70 వేలు దాటక ముందే పోయింది. ఇంజన్ తరం ఒక్కటే, ఓనర్లు వేరు. అందుకే కంపెనీ పేరు రాయలేదు. మామూలు ఇంజన్ నిర్లక్ష్యాన్ని కొంత మన్నిస్తది, టర్బో మన్నించదు. ఒక్క ఓనర్ దగ్గర కొత్తది కొని సక్కగ చూసుకుంటే భయం లేదు. నలుగురి చేతులు మారి, సర్వీసు కాగితాలు లేకుండ వచ్చిన టర్బో మాత్రం జూదమే.

ఇగ తమ్ముడికి నా జవాబు:

1. పొద్దున్నే పో, ముందు ఫోన్ చేసి "స్టార్ట్ చెయ్యొద్దు" అని చెప్పు. బానెట్ వేడిగ ఉంటే తిరిగి రా.

2. గేజు గుంజి లెవల్, రంగు, వాసన చూడు. పెట్రోల్ వాసన గట్టిగ వస్తే, లెవల్ మార్కు కంటే పైన ఉంటే కూడ అనుమానమే. చిన్న చిన్న దూరాలే తిరిగిన బండ్లల్ల పెట్రోల్ ఆయిల్‌ల కలుస్తది. ఆయిల్ మూత కింద నల్లటి గడ్డ ఉంటే వద్దు.

3. కూలెంట్ డబ్బా చూడు. తుప్పు నీళ్లు, నూనె తేలుడు ఉంటే వద్దు.

4. స్టార్ట్ చేసినంక ఎనుక నిలబడి పొగ చూడు. ఐదు నిమిషాలు ఐడిల్‌ల ఉంచి ఒక్కసారి రేజ్ చేస్తే నీలం పొగ వస్తే టర్బో సీలు, రింగులు, వాల్వు సీళ్లల్ల ఏదో ఒకటి పోయినట్టే.

5. సర్వీసు రికార్డు కంపెనీ సర్వీసు సెంటర్‌ల బండి నంబర్ మీద అడుగు. ఆయిల్ మార్పుల మధ్య 20 వేల గ్యాప్ కనిపిస్తే వదిలేయ్.

6. వరద మరకలు చూడు, పైన రాసిన.

7. ఎవరో తెలిసినోడు "మంచిదే" అన్నడని కొనకు. ఏం చూసి అన్నవ్ అని అడుగు. నన్ను కూడ అడుగు.

ఇంకో మాట. నీ ఊరికి దగ్గర్ల ఏ మెకానిక్ ఉన్నడు, ఆ ఆయిల్ ఎక్కడ దొరుకుతది అనేది ముందు చూసుకో. టర్బో పోతే మా ఏజెన్సీల బాగు చేసేటోళ్లు లేరు, ఆదిలాబాద్‌కో హైదరాబాద్‌కో రావాల్సిందే. కిరాయిలకు, ఎక్కువ మంది ఎక్కుడు, ఘాటు రోడ్లు, ఎప్పుడు ఏ ఆయిల్ పోస్తరో తెలియని పరిస్థితి ఉంటే, టర్బో లేని 1.2 పెట్రోల్ మేలని నా అభిప్రాయం. ఘాటు మీద కొంచెం మెల్లగ ఎక్కుతది, గేర్ దించాల్సి వస్తది. కానీ ఏ ఊరి మెకానిక్ అయినా విప్పగలడు. టర్బోనే కావాలంటే ఆయిల్, కూలెంట్ పైసలు వాయిదా లెక్కలనే కలుపుకొని కొను.

మా అన్న బండి ఇప్పుడు మంచిగనే నడుస్తుంది. ప్రతి ఆదివారం పొద్దున గేజు గుంజి ఫోటో తీసి నాకు వాట్సాప్ చేస్తడు. నేను జూమ్ చేసి చూసి లెవల్ బాగుందంటేనే వారం మొదలైతది. అనుమానం ఉంటే ఇప్పుడు నేను "తెల్వదన్నా, ఉస్తాద్‌ను అడిగి చెప్తా" అంటున్న. ఆ మాట నోటికి అలవాటు కావడానికి నాకు లక్షా 35 వేలు పట్టింది. మీకు ఉత్తగనే ఇస్తున్న, తీసుకోండి.

తమ్ముడూ, బండి హైదరాబాద్‌ల చూస్తే మాత్రం గ్రూపుల మెసేజ్ పెట్టు. పొద్దున ఏడు గంటలకు వస్త, ఇంజన్ సల్లగున్నప్పుడే.

జోహార్.